బోర్లించిన కుండీ

పోయిన వారం మన కథ తక్కెడ ఎక్కడ ఆగిందో ఒకసారి చూసుకుని ముందుకు పోదాం.

హాల్స్‌బీ పట్టణంలో కౌన్సిల్ సీటొకటి ఖాళీ అయింది. కన్జర్వేటివ్ పార్టీ తరఫున దానికి ఇద్దరు నిలబడతామన్నారు. ఒకరు లాయరు ఆడ్రియన్ సోవర్‌బీ, యాభై దాటిన మనిషి. ఎవరికీ ఎప్పుడూ కాదని చెప్పి ఎరగడు, అవునని చెప్పి చిక్కుకోనూ లేదు. రెండో అతను మన నేథన్ పేసీ. ఇరవై మూడేళ్ళు. మేనత్త మరియన్ నడిపే ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచి, తాళాలు అమ్ముతాడు. ఊరి చివర బెక్ మైదానంలో ఇళ్ళు కట్టాలని ఇతనంటాడు. వద్దని ఊళ్ళో పెద్దలంటారు. వాళ్ళలో సగంమంది ఇతని పార్టీవాళ్ళే, అదీ చిక్కు.

ఇంతలో పేరులేని కరపత్రం ఒకటి ఇంటింటికీ పడింది. "మా ముసలాళ్ళు ఓటేసేది పార్టీకి కాదు, కిటికీలోంచి కనిపించే పచ్చికకి. ఇదీ మీ కన్జర్వేటివ్ కుర్రాడి మాట!" అని పెద్ద అక్షరాల్లో. కింద 'హాల్స్‌బీ నివాసులు' అని ఉందంతే. అచ్చువేసినవాడి పేరు చట్టప్రకారం ఉండాలి, లేదు. ఆ మాట తనదేనని నేథన్‌కి తెలుసు. వసంతకాలంలో పార్టీ అధ్యక్షురాలు హిలరీ డ్రింగ్ ఇంట్లో తలుపులేసుకుని తనుగాక అయిదుగురు కూర్చున్న మీటింగులో అన్నాననుకున్నాడు. అంటే ఆ అయిదుగురిలోనే ఒకరు మోశారు. ఎవరు? వారం రోజులుగా అతను ఎవరితో చెయ్యి కలిపినా, తూకం రాయిని అనుమానించినట్టు ఆ చేతిని అనుమానిస్తూనే ఉన్నాడు.

శనివారం వచ్చింది. సాయంత్రం పార్టీ అభ్యర్థి ఎంపిక సభ. ఇంట్లో కూర్చుంటే ఆలోచనలు బుర్ర తినేస్తాయని నేథన్ చొక్కాకి పార్టీ రంగైన నీలం రిబ్బను పువ్వు పెట్టుకుని, చర్చి వెనక వీధిలో తలుపులు తట్టడానికి బయల్దేరాడు. తలుపు దగ్గర వాదించకూడదన్నది పార్టీ కట్టుబాటు. ఓటు ఎటో అడగాలి, 'మీకు కాదు' అంటే 'సంతోషం' అని చెప్పి, గేటు జాగ్రత్తగా వేసి రావాలి. సరుకు వద్దన్నవాడితో తగువు పెట్టుకుంటే పక్కింటి గిరాకీ కూడా పోతుంది. కానీ ఆ రోజు తగువు గుమ్మాల్లోనే కాచుక్కూచుంది.

"నా కిటికీ సంగతి నీకెందుకయ్యా?" అని ఒకావిడ తలుపేసింది. ఇంకొకాయన కుక్కని పిలిచి, "వీడేరా, చూసుకో," అని చూపించాడు.

వీధి చివరిల్లు ఆల్ఫ్ బ్లేడ్స్‌ది. రైల్వేలో సిగ్నల్ మనిషిగా పనిచేసి దిగిపోయిన ముసలాయన. ఇంట్లో కన్నా పెరట్లోని గాజు పాకలో టమాటా మొక్కల మధ్యే ఎక్కువగా ఉంటాడు.

"రారా, కిటికీల దొంగా!" అన్నాడు లోపల్నించే.

"మీరూ చదివారా?"

"చదవక? నన్నేగా అన్నావు. ఒకసారి నా కిటికీలోంచి చూడు, పక్కింటోడి పైజామాలు ఆరేసే తాడుంటుంది. దాన్ని చూసుకోడానికా నేను ఓటేసేది?"

నేథన్‌కి వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. ఆల్ఫ్ నవ్వలేదు. మొక్కకి తాడు కడుతూ బేరమాడేవాడిలా ఒక్కొక్కటే అడిగాడు.

"స్టేషన్ పక్క హోటల్లో ఆశ్రయం కోసం పడవల మీదొచ్చినవాళ్ళని పెట్టారు. దానికేమంటావు? కొత్త పార్టీవాడు నిన్నొచ్చి, అందర్నీ మర్నాడే పంపించేస్తానన్నాడు."

"మర్నాడే అన్నవాణ్ణి నమ్మకండి. అర్జీలు తొందరగా తేల్చాలి. హక్కు లేనివాణ్ణి పంపాలి, ఉన్నవాణ్ణి పనిలో పెట్టాలి. ఏళ్ళ తరబడి గదిలో ఊరికే కూర్చోబెడితే వాళ్ళకీ మంచిది కాదు, ఊరికీ మంచిది కాదు. అలాగని హోటల్ గేటు దగ్గర నిలబడి చంటిపిల్లల తల్లుల మీద అరవమంటే మాత్రం నా వల్ల కాదు."

"పొలాల్లో ఆ సోలార్ పలకలో?"

"గోదాముల కప్పులన్నీ ఖాళీగానే ఉన్నాయిగా, వాటి మీద పెట్టుకోమనండి. గోధుమ పండే నేల మీదెందుకు?"

"రైతు పోతే కొడుకు మీద పన్నేస్తారట కదా, దానికి?"

"పొలం అమ్మి పన్ను కట్టమంటే తర్వాత దేంతో పండిస్తాడు? దానికి నేను పూర్తిగా వ్యతిరేకం."

"అన్నీ మా మాటలే మాట్లాడతావు. మరి ఆ ఇళ్ళ గోలేంట్రా?"

"అదీ మీ మాటే ఆల్ఫ్ గారూ, మీరు మర్చిపోయారు. నేను కొట్లో ఉంటా కాబట్టి నాకు కనిపిస్తుంది. నాతో చదివినవాళ్ళలో ఈ ఊళ్ళో సొంత తలుపుకి గడియ కొన్నవాడు ఒక్కడు లేడు. అందరూ అద్దె గదుల్లో, లేదంటే అమ్మానాన్నల మేడమీద. కాపాడుకోడానికి తనదంటూ ఏమీ లేనివాడు కన్జర్వేటివ్ ఎందుకవుతాడు? ఇవాళ ఇల్లు కట్టనివ్వకపోతే రేపు మన పార్టీకి ఓటేసేవాడు పుట్టడు."

ఆల్ఫ్ తాడు ముడి బిగించి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఇదే మాట కరపత్రంలో వేసుంటే బాగుండేది కదరా," అంటూ వంగి, తలుపు పక్కన బోర్లించిన మట్టి కుండీ ఎత్తాడు. దాని కింద మడతపెట్టిన కాగితాలు రెండు మూడు. మట్టి అంటిన పై కాగితం దులిపి ఇచ్చాడు. "ఇదిగో, నీ కీర్తి. తీసుకుపో."

నేథన్ కాగితం అందుకోలేదు. కుండీనే చూస్తున్నాడు.

"ఇది ఇక్కడెందుకుంది?"

"ఎక్కడుంటుంది మరి?"

"మీ గేటుకి ఉత్తరాల డబ్బా ఉందిగా."

"ఉంది. అది ఫ్రీడా పెట్టించిన డబ్బా." భార్య పేరెత్తగానే ముసలాయన గొంతు తగ్గింది. "ఆవిడ పుట్టుకతోనే లేబర్ పార్టీ మనిషి. తన డబ్బాలో నీలం కాగితం పడితే ఆ రాత్రి నాకు అన్నం ఉండేది కాదు. అందుకని డ్రింగ్ గారితో ఒప్పందం చేసుకున్నా, మీ కాగితాలు కుండీ కింద పెట్టి పొండని. ఫ్రీడా పోయి ఎన్నాళ్ళైందో. కానీ ఒప్పందం ఒప్పందమే. తపాలావాడు, లేబర్‌వాడు, చర్చివాడు, పిజ్జాల వాడు, అందరూ గేటు డబ్బాలోనే వేస్తారు. మీరొక్కళ్ళే కుండీ కింద."

'హాల్స్‌బీ నివాసులు' అనేవాళ్ళెవరికైనా ఈ కుండీ సంగతేం తెలుస్తుంది? చేతికి అలవాటైన దారి మనిషి జాగ్రత్త కన్నా ముందు పోతుంది. కాగితం మీద పేరు తీసేయాలని తోచింది గానీ, ఈ గుమ్మం దగ్గర అలవాటు తీసేయాలని తోచలేదు వాళ్ళకి. కల్తీ సరుకువాడు పేరు మార్చినా మూట కట్టే ముడి మార్చడు.

చర్చి వెనక వీధిలో పార్టీ కాగితాలు పంచే వంతు హిలరీ డ్రింగ్‌ది. నేథన్ పుట్టకముందు నుంచీ ఆవిడదే.

పార్టీ హాలు వెనక వంటగదిలో హిలరీ ఒక్కతే ఉంది, ఎత్తు పీట మీద కూర్చుని గుడ్ల శాండ్‌విచ్‌లు కోస్తోంది. పక్కన పెద్ద టీ పాత్ర బుసలు కొడుతోంది. డెబ్బై దాటిన మనిషి. పదహారేళ్ళ నేథన్ మొదటిసారి హాలు గుమ్మంలో నిలబడి తటపటాయిస్తే లోపలికి లాక్కొచ్చి, చొక్కాకి నీలం పువ్వు గుచ్చింది ఆవిడే. ఇవాళ సభలో అతని పేరు ప్రతిపాదించాల్సిందీ ఆవిడే.

"వచ్చావా? ఆ పళ్ళెం ఇలా అందుకో. సోవర్‌బీ అప్పుడే ముందు వరసలో కూర్చుని ముప్ఫై రెండు పళ్ళూ చూపిస్తున్నాడు."

నేథన్ పళ్ళెం అందుకోలేదు. "హిలరీ గారూ, ఆల్ఫ్ బ్లేడ్స్ ఇంట్లో మన కాగితాలు ఎక్కడ పెడతారు?"

"కుండీ కింద." కత్తి ఆగలేదు. "ఫ్రీడాకి భయపడి. ఏం?"

"పేరులేని కాగితం కూడా అక్కడే పెట్టారు."

కత్తి ఆగింది.

"ఆ కుండీ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు," అన్నాడు నేథన్. "మీటింగు జరిగిందీ మీ ఇంట్లోనే."

"అంటే?"

"అంటే ఏముందండీ, మీరే చెప్పాలి."

హిలరీ కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది. అరుస్తుందనుకున్నాడు. ఆవిడ నవ్వింది. అది అరుపు కన్నా గట్టిగా తగిలింది.

"నిన్ను ముంచాలంటే నాకు పేరులేని కాగితం దేనికిరా అబ్బాయ్? పేరున్న నోరుంది. బెక్ మైదానం పక్కనే నా ఇల్లు. నీ ఇళ్ళొస్తే నా కిటికీకే అడ్డం. ఆ మాట నీ మొహమ్మీదే చెప్పా. చెప్పి కూడా నీకే ఓటేస్తానన్నా. ఎందుకో తెలుసా? ఈ హాల్లో నువ్వొక్కడివే నాతో పోట్లాడతావు గనక. మిగతావాళ్ళంతా నా శాండ్‌విచ్‌లు తిని తలూపుతారు."

"మరి కుండీ?"

ఆవిడ జవాబు చెప్పకుండా గౌను అంచు మోకాలి దాకా జరిపింది. మోకాలి చుట్టూ లావుపాటి కట్టు. "మార్చి నుంచి నేనా వీధి తొక్కలేదు. మెట్లు ఎక్కలేను. ఎవరికైనా చెప్పావో, చంపుతా."

ఆ పార్టీలో ఎవరి వీధి వాళ్ళది. కరపత్రాలు పంచే వీధిని బతికుండగా ఎవరూ ఇంకొకరికి అప్పగించరు. అప్పగించారంటే కొట్టు మూసేసినట్టే లెక్క. ఎప్టన్ ముసలమ్మ తన వీధిని వెండి చెంచాలతోపాటు కూతురికి రాసిచ్చిందని ఊళ్ళో ఒక వేళాకోళం ఉంది. అది వేళాకోళమో నిజమో ఎవరూ తేల్చుకోలేదు.

"అయితే ఎవరు పంచుతున్నారు?"

హిలరీ అతని వైపు అదోలా చూసింది. "నీకు నిజంగా తెలీదా? నువ్వే పంపించావనుకున్నా. మీ అత్త."

"ఏ అత్త?"

"నీకెంతమంది అత్తలున్నార్రా? మరియన్. మోకాలికి కట్టు కొనడానికి మందుల షాపుకెళ్తే అక్కడ కనిపించింది. 'బుధవారం మధ్యాహ్నాలు కొట్టు మూతే కదా, నేను పంచుతాలే, ఎవరికీ చెప్పను' అంది. గేట్లూ కుక్కలూ కుండీ అన్నీ నేనే చెప్పా."

నేథన్ గోడకి ఆనుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం నడుం పట్టేసిందని, నడిచొస్తానని వెళ్ళే అత్త. "మన కొట్లో నీలమూ లేదు, ఎరుపూ లేదు, ఉన్నది తుప్పు రంగే" అని అందరి ముందూ అనే అత్త. అమ్మా నాన్నా విడిపోయి చెరో దిక్కుకి పోతే తనని కొట్టు పైగదిలో పెట్టుకుని పెంచిన అత్త.

"కాదు," అన్నాడు. "అయివుండదు. అత్త మీటింగుకి రాలేదు కదా. ఆ మాట ఆవిడకెలా తెలుస్తుంది?"

"ఏ మాట?"

"కిటికీ మాట. మీ ఇంట్లో మీటింగులో నేనన్న మాట."

హిలరీ నెమ్మదిగా పీట దిగింది. "నేథన్. మీటింగులో నువ్వా మాట అనలేదు."

"అన్నాను."

"అనలేదురా. నువ్వు అక్కడిదాకా రానేలేదు. మధ్యలో సోవర్‌బీ లేచి సంత రోజున కార్లు నిలిపే రుసుము సంగతెత్తాడు. నువ్వు మొహం కందగడ్డ చేసుకుని కూర్చుండిపోయావు. ఆ మాట మేం అయిదుగురం మొదటిసారి చూసింది ఈ కాగితంలోనే. నాకూ అదే అనుమానం వారం నుంచీ. కుర్రాడు ఎక్కడన్నాడబ్బా అని."

ఎక్కడన్నాడో నేథన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. కొట్టు వెనక గదిలో, మడతబందుల పెట్టెల ముందు నిలబడి మీటింగు కోసం ఆ ఉపన్యాసం అప్పజెప్పుకున్నాడు. అవతల నిచ్చెన మీద అత్త. కిటికీ మాట దగ్గరికి రాగానే ఆవిడ పకపకా నవ్వి, "బాగుందిరా! కానీ అది కొట్లోనే వదిలెయ్. బయటికి తీసుకెళ్ళావంటే గిరాకీ పోతుంది," అంది. అతను విన్నాడు. మీటింగులో నోటి చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు. మింగిన మాట, అన్న మాట మనసులో ఒకే అరలో పడ్డాయి.

ఆ మాట విన్నది పెట్టెలూ, అత్తా. పెట్టెలకి కాళ్ళు లేవు.

అయితే ఒక్కటి తూగడం లేదు. తనకి లాభం లేని పని అత్త చేయదు. బెక్ మైదానంలో ఇళ్ళు లేస్తే తలుపులొస్తాయి, తలుపులకి గడియలు, గడియలకి మరమేకులు, అన్నీ ఆ కొట్లోంచే. మేనల్లుణ్ణి పడగొట్టి, ఆ ఇళ్ళు ఆపి, ఆవిడకి ఒరిగేదేముంది?

హాల్లో కుర్చీలు జరిగిన చప్పుడు. హిలరీ అతని చెయ్యి పట్టుకుంది.

"విను. సభలో ఈ కాగితం గురించి అడుగుతారు. 'మీటింగులో నేనా మాట అనలేదు' అని చెప్పు. నిజమే కదా. అయిదుగురం సాక్ష్యం ఉన్నాం. సోవర్‌బీ కూడా కాదనలేడు. నీ మీది మచ్చ అక్కడికక్కడే పోతుంది."

నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. తూకం రాయి సరైనదే, తక్కెడ దండె మీద మాత్రం చిటికెన వేలు పెట్టాలి, అంతే.

హాలు నిండింది. ఎత్తు కిటికీల్లోంచి ఎండ ఇంకా పడుతోంది. వేదిక మీద ఒక పక్క సోవర్‌బీ, మోకాలి మీద చక్కటి పెన్ను. ఇంకో పక్క నేథన్. మధ్యలో హిలరీ, మోకాలు బల్ల కింద దాచుకుని. సోవర్‌బీ ముందు మాట్లాడాడు. ఊరిని ప్రేమిస్తానన్నాడు, ఇళ్ళకి వ్యతిరేకం కాదన్నాడు, కట్టడానికీ తొందర లేదన్నాడు. చప్పట్లు మర్యాదగా పడ్డాయి. నేథన్ మాట్లాడాడు. చప్పట్లు లెక్కపెట్టినట్టు ఒకటొకటే పడ్డాయి.

మూడో వరసలోంచి ఎప్టన్ గారి కూతురు లేచింది. చేతిలో ఆ కాగితం. "సూటిగా అడుగుతున్నా నాయనా. మా ముసలాళ్ళ గురించి ఈ మాట నువ్వన్నావా, లేదా?"

హిలరీ అతని వైపు చూడలేదు. ఆవిడ వేలు మాత్రం బల్ల మీద మెల్లిగా తట్టింది. చెప్పు, చెప్పెయ్.

నేథన్ లేచి నిలబడ్డాడు. మీటింగులో నేనా మాట అనలేదు. ఆ వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది, పొట్లం కట్టి తాడు చుట్టినట్టు. ఇచ్చేస్తే చాలు. ఇచ్చాక ఎవరో ఒకరు అడుగుతారు, మరి ఎక్కడన్నావని. అప్పుడు అత్త పేరైనా చెప్పాలి, ఈసారి నిజమైన అబద్ధమైనా చెప్పాలి.

"అన్నాను," అన్నాడు.

హాలు గాలి పీల్చుకున్నట్టయింది. సోవర్‌బీ పెన్ను మీద వేళ్ళు వదులయ్యాయి.

"ఎక్కడన్నానో, ఎవరి ముందో చెప్పను. మాట నాది. వెటకారంగా అనడం తప్పు, దానికి క్షమించండి. కానీ అందులో సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. నా ఈడువాడికి ఈ ఊళ్ళో ఒక కిటికీ ఉంటేగా, అందులోంచి ఏం కనిపిస్తుందో చూసుకోడానికి? దీనికి నన్ను వద్దంటే వద్దనండి. మాట దాచి మీ ఓటు తీసుకోను."

ఎప్టన్ గారి కూతురు కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "మొండివాడు," అంది పక్కావిడతో, అందరికీ వినిపించేలా. "అబద్ధాలకోరు మాత్రం కాదు." వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో కలిశారు. గెలిచేంత కాదు గానీ, ఓడిపోనంత.

"ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?" అంది హిలరీ.

తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. ఆ చేతి మణికట్టు దాకా ఉన్న నూనె మరకలు నేథన్ ఏ చీకట్లోనైనా గుర్తుపడతాడు.

"ఇది సభ్యుల సభ కదా," అన్నాడు నేథన్, హిలరీ చెవిలో. "అత్త లోపలికెలా వచ్చింది?"

"సభ్యురాలే. ఏప్రిల్లో చేరింది." హిలరీ పెదవులు కదలకుండా గొణిగింది. "ఇప్పుడు గుర్తొస్తోంది. ఆమెని చేర్పించింది సోవర్‌బీ."

నేథన్ తల తిప్పాడు. సోవర్‌బీ మొహం మీద చిరునవ్వు అలాగే ఉంది. వేసిన సరుకు వేళకి చేరినవాడి నవ్వు. ఆయన వెనక్కి ఆనుకుని, చెయ్యి చాపి మర్యాదగా అన్నాడు: "అడగండి మరియన్ గారూ. మేనల్లుడని మొహమాటపడకండి. ఊరి తరఫున అడగండి."

కొట్లో వేసుకునే గోధుమరంగు అంగీతోనే మరియన్ ముందుకొచ్చింది. కుర్చీల మధ్య దారిలో నిలబడింది. మేనల్లుడి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో తప్పు చేసిన బెదురు లేదు, జాలీ లేదు. నిచ్చెన మీంచి కింద పెట్టెలు సరిచూసుకునే చూపు.

"మొహమాటం నాకెప్పుడూ లేదు," అంది. "కానీ నా ప్రశ్న మావాడికి కాదు."

చేతిని ఎత్తి, మేకు తల మీద సుత్తి చూపినట్టు, వేదికకి అవతలి పక్కన కూర్చున్న మనిషికి గురిపెట్టింది.

"మీకు, సోవర్‌బీ గారూ."

పెన్ను ఆయన మోకాలి మీంచి జారి, వేదిక చెక్కల మీద పడి, దొర్లుకుంటూ పోయింది. దాన్ని తీసుకోడానికి ఆయన వంగలేదు. ఆ ప్రశ్నేమిటో వచ్చే వారం తూచి చూద్దాం.